బెంగళూరు ఫ్లాట్‌లో స్టీరియో: స్పీకర్ కంటే ముందు గోడలు చూడాలి

ఎన్నో ఏళ్ల కిందట బెంగళూరు వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఒక్కొక్కటిగా సొంతిళ్లు వదిలి ఫ్లాట్లకు మారుతున్నాయి. జయనగర్‌లోనో మల్లేశ్వరంలోనో 40×60 సైట్‌లో కట్టుకున్న ఇల్లు, పిల్లలు వెళ్లిపోయాక ఇద్దరికి పెద్దదైపోతుంది. మెట్లు, తోట, నీళ్ల ట్యాంకర్లు, ఇవన్నీ చూసుకునే ఓపిక తగ్గుతుంది. పిల్లలకు దగ్గరగా వైట్‌ఫీల్డ్‌లోనో సర్జాపుర రోడ్డులోనో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్ తీసుకుంటారు. అనంతపురం, కడప, నెల్లూరుల్లో ఇల్లు అమ్మేసి వచ్చేవాళ్లదీ దాదాపు ఇదే దారి. బీరువా ఎక్కడ పెట్టాలి, దివాన్ ఎవరికివ్వాలి అని నెలల ముందే లెక్కలు వేసుకునే ఇళ్లలో కూడా పాటల సెట్టు ఆలోచన చివరికే వస్తుంది. నడుమెత్తు టవర్ స్పీకర్లు రెండు, వాటి యాంప్లిఫయర్, ఇవి కూడా లారీ ఎక్కాలా వద్దా అన్నది సామాన్లు కట్టే రోజున తేలుతుంది.

ఆ రోజు సాధారణంగా రెండు సలహాలు వస్తాయి. మంచి స్పీకర్లు ఎందుకు వదులుకోవాలి, తీసుకెళ్దాం అని ఒకటి. ఇల్లు చిన్నది కాబట్టి చిన్న స్పీకర్లు, అదీ కాకపోతే టీవీ కింద ఒక సౌండ్‌బార్ చాలు అని రెండోది. రెండూ బాక్స్ సైజు చూసి చెప్పే మాటలే. ఫ్లాట్‌లో పాట బాగా వినిపిస్తుందా లేదా అన్నది ఎక్కువగా రెండు విషయాల మీద ఆధారపడుతుంది. ఒకటి, సుమారు 200 హెర్ట్జ్ (అంటే సెకనుకు 200 కంపనాలు) కంటే కిందుండే మంద్ర ధ్వనిని ఆ గది ఏం చేస్తుంది అన్నది. రెండోది, ఇక నుంచి రోజూ ఎంత వాల్యూమ్‌లో వింటారు అన్నది. ఈ రెండూ తేలాకే మోడల్, వాట్లు, ధర గురించి మాట్లాడటంలో అర్థం ఉంది.

బెంగళూరు ఫ్లాట్లలో మామూలుగా కనిపించే హాల్‌నే తీసుకుందాం. 11 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు, తొమ్మిదిన్నర అడుగుల ఎత్తు. ఒక పొడవాటి గోడకు టీవీ యూనిట్, ఎదురుగోడకు ఆనించి సోఫా. పొడవు చివర ఒకవైపు బాల్కనీ తలుపు, రెండోవైపు డైనింగ్, కిచెన్. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. ఎదురెదురు గోడల మధ్య అది వెనక్కీ ముందుకీ కొట్టుకుంటున్నప్పుడు, ఆ దూరానికి రెండింతల తరంగదైర్ఘ్యం ఉన్న స్వరం ప్రత్యేకంగా బలపడుతుంది. 11 అడుగులంటే 3.35 మీటర్లు. 343ని దాని రెట్టింపుతో భాగిస్తే 51 హెర్ట్జ్ వస్తుంది. ఆ తర్వాతది 102. పొడవు వైపు లెక్క వేస్తే 31, 62. ఎత్తుకి 59. ఈ అంకెల దగ్గర గది తనంతట తానే మోగుతుంది. వీటిని గది మోడ్‌లు అంటారు. ఎంత ఖరీదైన స్పీకర్ తెచ్చినా ఇవి మారవు, ఎందుకంటే ఇవి గోడల మధ్య దూరాన్ని బట్టి పుట్టేవి.

ఇప్పుడు ఆ అంకెలను సంగీతం పక్కన పెట్టి చూడాలి. ఒకటో కట్టె శ్రుతిలో పాడే మగ గాయకుడి షడ్జం 131 హెర్ట్జ్, మంద్ర పంచమం 98. అంటే ఆయన కిందికి దిగి పంచమం మీద నిలబడ్డప్పుడల్లా ఈ హాల్ తన 102 దగ్గరి మోతను దానికి జత చేస్తుంది. మృదంగం ఎడమ వైపు, అంటే కచేరీ ముందు బొంబాయి రవ్వ ముద్ద అద్దే వైపు, పలికే గుమ్కీ కూడా ఆ దరిదాపుల్లోనే తిరుగుతుంది. సినిమా పాటలో బేస్ గిటార్ అతి కింది తీగ 41 హెర్ట్జ్ దాకా దిగుతుంది. 51 దగ్గర ఒక్క స్వరం మాత్రం హోరెత్తి, దాని పక్క స్వరాలు నీరసంగా వినిపిస్తే ఆ బేస్ లైన్ నడక పాడైపోతుంది. స్పీకర్ నచ్చలేదని మూడుసార్లు మార్చినవాళ్లలో చాలామందికి అసలు నచ్చనిది ఈ మోతే అయి ఉంటుంది.

మోడ్ తీరు ఏమిటంటే, గోడల దగ్గర ఒత్తిడి అత్యధికం. 51 లాంటి మొదటి మోడ్‌కు గది నడిమధ్యలో, 102 లాంటి రెండోదానికి గోడ నుంచి పావు వంతు దూరంలో అత్యల్పం. మన హాల్లో స్పీకర్లు ఒక గోడకు, సోఫా ఎదురుగోడకు. మోత పుట్టించే చోటు, వినే చోటు రెండూ అత్యధికం ఉన్న చోట్లే. తల వెనక గోడ ఉన్నప్పుడు 51, 102 రెండూ పూర్తి బలంతో వినిపిస్తాయి. సోఫాను గోడ నుంచి రెండడుగులు ముందుకు జరిపితే 51 దగ్గరి మోత కొద్దిగానే తగ్గుతుంది, 102 దగ్గరిది మాత్రం బాగా తగ్గుతుంది. గాత్రం, మృదంగం వినేవాళ్లకు ఆ రెండో తగ్గుదలే ముఖ్యం. ఎవరి ఇంట్లోనైనా ఇది అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది. మంద్రంలో నెమ్మదిగా సాగే ఆలాపన ఒకటి పెట్టి, సోఫాలో వెనక్కి ఆనుకుని ఒకసారి, ముందుకు వంగి మోకాళ్ల మీద మోచేతులు పెట్టుకుని ఒకసారి వినాలి. ఆ కొద్ది దూరంలోనే గొంతు గుమ్ముగా ఉన్నది తేటపడుతుంది. సోఫా వెనక రెండడుగులు వదలడం ఇంట్లో అందరికీ నచ్చదు. అక్కడ సన్నని పుస్తకాల అర ఒకటి పెడితే ఆ చోటు దండగ అనిపించదు, వెనక గోడ నుంచి తిరిగొచ్చే శబ్దం కూడా కాస్త చెదురుతుంది.

చిన్న బెడ్‌రూమ్‌ను పాటల గదిగా చేద్దామనుకునేవాళ్లు ఒక విషయం జాగ్రత్తగా చూసుకోవాలి. 10×10 గది, ఎత్తు తొమ్మిదిన్నర. మోడ్‌లు 56, 56, 59. మూడు వైపుల మోతలూ ఒకేచోట కుప్పపడతాయి. ఇలాంటి చదరపు గదిలో టవర్ స్పీకర్లు పెట్టడం తెలిసి తెలిసి తలనొప్పి తెచ్చుకోవడమే. అదే డైనింగ్ వైపు తెరిచి ఉన్న హాల్ అయితే మంద్ర ధ్వని కొంత అటు జారిపోతుంది. తలుపు లేని గదిగా కనిపించే ఆ హాలే చాలా ఫ్లాట్లలో పాటకు మంచి చోటు.

గోడతో ఇంకో చిక్కు ఉంది. స్పీకర్ నుంచి వెనక్కి వెళ్లిన మంద్ర ధ్వని గోడకు తగిలి తిరిగొచ్చి, ముందుకు వెళ్లేదానితో కలుస్తుంది. స్పీకర్ ముఖం గోడకు రెండడుగుల దూరంలో ఉంటే 141 హెర్ట్జ్ దగ్గర ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని, అక్కడ శబ్దంలో పల్లం పడుతుంది. అది సరిగ్గా ఒకటిన్నర, రెండు కట్టెల శ్రుతిలో పాడే మగ గొంతు షడ్జం ఉండే చోటు. గొంతు పలచబడి, గుండె లోతు లేనట్టు వినిపిస్తుంది. చాలా టవర్ స్పీకర్లకు గోడ నుంచి తగినంత దూరం, కొన్నిటికి మూడడుగుల దాకా, ఉండాలని తయారుచేసినవాళ్లే చెబుతారు. సొంతింటి హాల్లో అది కుదిరింది. 11 అడుగుల వెడల్పులో మూడడుగులు స్పీకర్లకు, రెండడుగులు సోఫా వెనక్కి వదిలితే ఇక మనుషులు నడవాల్సింది ఎక్కడ? అందుకని ఫ్లాట్‌లో ఎక్కువమందికి పనికొచ్చే మార్గం, గోడకు బాగా దగ్గరగా పెట్టినా చెడని స్పీకర్ ఎంచుకోవడం. ముఖం గోడకు ఒక అడుగు లోపలే ఉంటే ఆ పల్లం గొంతు షడ్జం దాటి పైకి జరుగుతుంది, దాని లోతూ తగ్గుతుంది. దానికి బదులు మంద్రం మొత్తం కొంచెం బలపడుతుంది. ఆ బలాన్ని లెక్కలో పెట్టుకుని తయారుచేసిన స్పీకర్లు ఉన్నాయి, బలాన్ని తగ్గించే స్విచ్ వెనకాల ఉన్నవీ ఉన్నాయి.

ఇక్కడే బాక్స్ రకం గురించి చెప్పాలి. స్పీకర్ బాక్స్‌కు గొట్టంలాంటి రంధ్రం ఉంటే దాన్ని పోర్ట్ అంటారు. పోర్ట్ ఉన్న బాక్స్ తన హద్దు దాకా మంద్రాన్ని గట్టిగా ఇచ్చి, ఆ కింద ఒక్కసారిగా పడిపోతుంది, ఆక్టేవ్‌కు (అంటే ఫ్రీక్వెన్సీ సగానికి తగ్గిన ప్రతిసారీ) 24 డెసిబెల్స్ చొప్పున. అన్నివైపులా మూసిన సీల్డ్ బాక్స్ ముందుగానే తగ్గడం మొదలుపెట్టినా నెమ్మదిగా, ఆక్టేవ్‌కు 12 చొప్పున తగ్గుతుంది. చిన్న కాంక్రీటు గది మంద్రాన్ని ఎలాగూ కొంత పెంచుతుంది కాబట్టి ఆ నెమ్మది తగ్గుదల, గది ఇచ్చే పెంపు ఒకదానికొకటి సరిపోతాయి. 1954లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్ చిన్న సీల్డ్ బాక్స్‌లో లోపలి గాలినే స్ప్రింగ్‌గా వాడి లోతైన బాస్ రాబట్టి చూపించాడు. అప్పటిదాకా బాస్ కావాలంటే బీరువా అంత బాక్స్ కావాలని అందరూ నమ్మేవారు. దానికి ఆయన చెల్లించిన మూల్యం, స్పీకర్ ఎక్కువ కరెంటు తాగడం. చిన్న బాక్స్, లోతైన బాస్, తక్కువ పవర్, మూడూ ఒకేసారి దొరకవన్న నియమం ఇప్పటికీ మారలేదు. ఫ్లాట్‌లో వదులుకోదగ్గది మూడోదే. యాంప్లిఫయర్ పవర్ ఇప్పుడు చవక, చదరపు అడుగు చవక కాదు.

చిన్న చోటు కోసమే పుట్టిన స్పీకర్‌కు మంచి ఉదాహరణ బీబీసీ వాళ్ల ఎల్ఎస్ 3/5ఏ. 1970ల మొదట్లో, బయటి ప్రసారాలకు వెళ్లే వ్యాన్లలో ఇంజనీర్లు కూర్చుని వినడానికి దాన్ని తయారు చేశారు. ఎత్తు ఒక అడుగు, వెడల్పు ఏడున్నర అంగుళాలు, సీల్డ్ బాక్స్. సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కు పుట్టించే శబ్దం, చాలా తక్కువ, 82, 83 డెసిబెల్స్ ప్రాంతంలో. లోతైన బాస్ దానిలో లేదు. మాట, పాట మాత్రం మనిషి ఎదురుగా ఉన్నట్టే పలుకుతుందని పేరు తెచ్చుకుని అర్ధ శతాబ్దం దాటినా దాన్ని ఇంకా తయారు చేస్తున్నారు. 2012లో కెఫ్ కంపెనీ తన యాభయ్యేళ్ల గుర్తుగా తెచ్చిన ఎల్ఎస్50 కూడా ఆ ఆలోచనకు కొనసాగింపే. కర్ణాటక సంగీతం, పాత సినిమా పాటలు, ఎక్కువగా గాత్రం వినే ఇంటికి ఈ కోవకు చెందిన స్పీకర్లు టవర్లకంటే బాగా కుదురుతాయి.

చిన్న స్పీకర్‌లో మృదంగం మృదంగంలా వినిపిస్తుందా అన్న అనుమానం సహజం. దానికి సమాధానం కొంత బెంగళూరులోనే ఉంది. విశాఖపట్నంలో చదువుకుని, తర్వాత ఈ ఊళ్లో స్థిరపడ్డ సి.వి. రామన్ 1920లో ఒకసారి, 1934లో మరింత వివరంగా మన చర్మవాద్యాల మీద పరిశోధన ప్రచురించారు. మామూలు డోలు చర్మం నుంచి వచ్చే ఉపస్వరాలు ఒకదానితో ఒకటి పొసగవు. మృదంగం, తబలాల మీద నడుమ ఉండే నల్లటి పూత వల్ల అవి మూలస్వరానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలుగా వరుసలో పడతాయని ఆయన చూపించారు. అందుకే మృదంగాన్ని శ్రుతి చేయగలం. ఉపస్వరాలు ఇలా వరుసలో ఉన్నప్పుడు, మూలస్వరం బలహీనంగా ఉన్నా చెవి దాన్ని తనే పూరించుకుంటుంది. వీణ, తంబూర విషయంలోనూ ఇదే జరుగుతుంది. కాబట్టి 60 హెర్ట్జ్ దగ్గర ఆగిపోయే అయిదంగుళాల వూఫర్ (స్పీకర్‌లో మంద్రం పలికే భాగం) కూడా కచేరీని నిండుగానే వినిపించగలదు. ఎడమ వైపు గుమ్కీ బరువు మాత్రం కొంత తగ్గుతుంది. డప్పు, తీన్మార్, కొత్త సినిమా పాటల కిక్ డ్రమ్ రోజూ వినేవాళ్లకు ఆ లోటు తెలుస్తుంది. వాళ్లకు కావాల్సింది వేరే ఏర్పాటు.

ఆ ఏర్పాటు చిన్న సీల్డ్ సబ్‌వూఫర్, అంటే మంద్రాన్ని మాత్రమే పలికే విడి బాక్స్. ఫ్లాట్‌లో సబ్‌వూఫర్ అనగానే పక్కింటివాళ్లతో గొడవ గుర్తొచ్చి చాలామంది వద్దంటారు. టవర్ల కంటే అది మేలన్నది ఈ వ్యాసం అభిప్రాయం. టవర్‌లో మంద్రం, గొంతు ఒకే బాక్స్‌లో ఇరుక్కుని ఉంటాయి. గొంతుకు ఎక్కడ బాగుంటుందో అక్కడ పెడితే బాస్‌కు అది చెడ్డ చోటు కావచ్చు. విడి సబ్‌వూఫర్‌ను మోత తక్కువ ఉన్న చోటుకు జరపొచ్చు, రాత్రి తొమ్మిదయ్యాక స్విచ్ ఆపేసి చిన్న స్పీకర్లతోనే పాట కొనసాగించవచ్చు. పెట్టాల్సిన చోటు వెతకడానికి తేలిక పద్ధతి ఉంది. సబ్‌వూఫర్‌ను తాత్కాలికంగా సోఫాలో మనం కూర్చునే చోట పెట్టి, బాస్ ఉన్న పాట వేసి, గోడల వెంట వంగి నడుస్తూ వినాలి. ఎక్కడ స్వరాలన్నీ సమానంగా వినిపిస్తే అదే దాని స్థానం.

పక్కింటి సంగతి. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు, 2000 ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ ప్రమాణం. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 దాకా. ప్రైవేటు స్థలంలో వాడే సౌండ్ సిస్టం శబ్దం ఆ స్థలం సరిహద్దు దగ్గర ఈ ప్రమాణం కంటే 5 డెసిబెల్స్‌కు మించి పెరగకూడదు. సొంతింట్లో సరిహద్దు కాంపౌండ్ గోడ. ఫ్లాట్‌లో మన గోడ అవతల ముఖమే పొరుగువాళ్ల బెడ్‌రూమ్. చట్టం సంగతి అటుంచినా, అవతల చంటిపిల్లో నైట్ షిఫ్ట్ చేసి వచ్చినవాళ్లో పడుకుని ఉంటారు. గోడ ఎంత బరువైతే అంత శబ్దం ఆపుతుంది గానీ, శబ్దం ఎంత కిందికి దిగితే అంత సులువుగా గోడ దాటుతుంది. ఫ్రీక్వెన్సీ సగానికి తగ్గిన ప్రతిసారీ గోడ ఆపే శక్తి సిద్ధాంతం ప్రకారం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గొంతును దాదాపు ఆపేసే గోడే కిక్ డ్రమ్‌ను దాటనిస్తుంది. పక్క ఫ్లాట్‌వాళ్లకు వినిపించేది పాట కాదు, ఆగకుండా కొట్టే దడదడ. అది పాటకంటే ఎక్కువ చికాకు పెడుతుంది.

అందుకే స్పీకర్లు ఏ గోడకు పెట్టాలన్నది ఇంటీరియర్ పని మొదలవ్వకముందే తేల్చుకోవాలి. ఆ గోడ అవతల ఏముంది? లిఫ్టా, మెట్లదారా, మన బెడ్‌రూమేనా, వేరేవాళ్లదా? అసోసియేషన్ దగ్గరో బిల్డర్ దగ్గరో ఫ్లోర్ ప్లాన్ అడిగితే తెలుస్తుంది. ఈ మధ్య కట్టే అపార్ట్‌మెంట్ టవర్లలో చాలావాటికి మైవాన్ అనే అల్యూమినియం అచ్చుల పద్ధతిలో గోడలన్నీ కాంక్రీటుతోనే పోస్తున్నారు. వాటిని తర్వాత గాడి కొట్టి కొత్త ప్లగ్ పాయింట్ పెట్టడం కష్టం. టీవీ గోడ పక్కింటి పడకగదికి ఆనుకుని ఉంటే, ఎదురుగోడకు మార్చుకోవడం ప్లగ్ పాయింట్లు ఖాయం చేసే రోజున తేలిక, ఆ తర్వాత పెద్ద ఖర్చు. స్పీకర్ కింద రబ్బరు ప్యాడ్‌లు పెడితే అదురు నేలలోకి దిగడం కొంత తగ్గుతుంది. గాలి ద్వారా వెళ్లే బాస్‌ను అవి ఆపలేవు. దాన్ని తగ్గించేది వాల్యూమ్ ఒక్కటే.

ఇంటీరియర్‌వాళ్లు ఇష్టంగా చేసి ఇచ్చే టీవీ యూనిట్ గురించి కూడా చెప్పుకోవాలి. లామినేట్ అంటించిన ప్లైవుడ్ అరలు, వాటి వెనక బోలు ప్యానెల్, ఎల్ఈడీ పట్టీ. స్పీకర్లు కనబడకుండా ఆ గూళ్లలో సర్దేస్తారు. గూట్లో పెట్టిన స్పీకర్ ఆ గూటి గొంతుతో మాట్లాడుతుంది. వెనక పోర్ట్ ఉంటే ఊపిరాడదు. కింద సొరుగులో ఉన్న రిమోట్లు, తాళాలు ఒక్కో స్వరానికి గిలగిల కొట్టుకుంటాయి. వేరే దారి లేకపోతే సీల్డ్ స్పీకర్‌నో ముందు పోర్ట్ ఉన్నదాన్నో ఎంచుకుని, దాని ముఖం అర అంచుకు సమానంగా ఉండేలా ముందుకు లాగి, చుట్టూ మిగిలిన ఖాళీని దట్టమైన ఫోమ్‌తో నింపాలి. మంచి దారి మాత్రం స్టాండ్లే. సోఫాలో కూర్చున్నవాళ్ల చెవి నేలకు మూడడుగులు, ఆపై కొద్దిగా ఎత్తులో ఉంటుంది, పై స్వరాలు పలికే ట్వీటర్ అంత ఎత్తుకు రావాలి. ఇనుప స్టాండ్ గొట్టాల్లో పొడి ఇసుక పోస్తే పసిపిల్లలు పట్టుకుని లేచినా సులువుగా పడవు.

వాల్యూమ్ లెక్కకు వద్దాం. 86 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్ ఒక వాట్‌కు మీటరు దూరంలో అంత శబ్దం ఇస్తుంది. మన హాల్లో వినే దూరం సుమారు 2.4 మీటర్లు. దూరం వల్ల ఏడెనిమిది తగ్గినా, రెండు స్పీకర్లు కలిసి మూడు పెంచుతాయి. 80 దాటుతుంది. సాయంత్రం పాటకు సగటున 70 చాలు. అంటే సగటున ఒక వాట్‌లో పదో వంతు. మృదంగం దెబ్బలాంటి క్షణాలకు 20 డెసిబెల్స్ ఎక్కువ కావాలనుకున్నా, పది వాట్ల లోపే. మంచి 40, 50 వాట్ల యాంప్లిఫయర్ ఈ ఇంటికి ఎక్కువే. వందల వాట్లు అన్న అంకె చూసి డబ్బు పెట్టడం ఫ్లాట్‌లో అనవసరం.

తక్కువ వాల్యూమ్‌లో వినేటప్పుడు చెవి తీరే మారుతుంది. శబ్దం తగ్గేకొద్దీ మంద్రం మిగతావాటికంటే ఎక్కువగా తగ్గినట్టు వినిపిస్తుంది. 1933లో బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపించిన విషయం ఇది. పాత జపాన్ యాంప్లిఫయర్ల మీద ఉండే లౌడ్‌నెస్ బటన్ దీనికోసమే. ఆడియో అభిమానులు ఎందుకో దాన్ని చిన్నచూపు చూశారు. ఫ్లాట్‌లో రాత్రిపూట వినేవాళ్లకు అంతకంటే పనికొచ్చే బటన్ లేదు. కొత్త యాంప్లిఫయర్లో, యాంప్లిఫయర్ లోపలే ఉన్న యాక్టివ్ స్పీకర్లో కొంటున్నప్పుడు ఈ సదుపాయం ఉందా అని అడగాలి. ఈక్వలైజర్ (ఎంచుకున్న ఫ్రీక్వెన్సీల బలాన్ని పెంచే, తగ్గించే సదుపాయం) ఉంటే ఇంకా మంచిది. గది మోడ్‌ల దగ్గరి మోతను కొలిచి, అక్కడ మాత్రం కొన్ని డెసిబెల్స్ తగ్గించవచ్చు. అలా కొలిచే ఆర్‌ఈడబ్ల్యూ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, దానికి ఒక యూఎస్‌బీ కొలత మైకు కావాలి. తగ్గించడం వరకే ఈక్వలైజర్‌ను వాడాలి. పల్లాలను పైకి లేపబోతే యాంప్లిఫయర్, వూఫర్ అలసిపోతాయి గానీ పల్లం అలాగే ఉంటుంది.

షాపులో వినేటప్పుడు చేయాల్సింది ఒక్కటే పెద్ద పని: వాల్యూమ్ తగ్గించమని అడగడం. అమ్మేవాళ్లు సహజంగానే పెంచి వినిపిస్తారు, కాస్త గట్టిగా మోగేదే బాగున్నట్టు చెవికి అనిపిస్తుంది. మామూలు మాటకు కొంచెం పైన ఉండే స్థాయిలో, బాగా పరిచయమైన గొంతు వినాలి. 1950, 60ల పాత సినిమా పాటలు మోనో రికార్డింగులు. రెండు స్పీకర్లూ సరిగ్గా ఉంటే ఘంటసాల గొంతు రెండిటి నడిమధ్య ఒక్క బిందువులో నిలబడాలి. అటూ ఇటూ పరుచుకుంటే స్పీకర్ల జతలోనో వాటి స్థానంలోనో తేడా ఉంది. గాయన సమాజలోనో చౌడయ్య హాల్లోనో విన్న కచేరీని కొలబద్దగా పెట్టుకోవడం కుదరదు, అక్కడ కూడా మనం వినేది మైకులు, స్పీకర్ల గుండా వచ్చిందే. ఇంట్లో మనుషుల మాట నమ్మదగిన కొలబద్ద. కళ్లు కూడా మోసం చేస్తాయి. కెనడాలో చాలా ఏళ్లు స్పీకర్ పరీక్షలు చేసిన ఫ్లాయిడ్ టూల్, 1994లో షాన్ ఆలివ్‌తో కలిసి తెర వెనక పెట్టి, తెర తీసి ఒకే స్పీకర్లను వినిపించారు. కనబడినప్పుడు ఇచ్చిన మార్కులు వేరు, కనబడనప్పుడు ఇచ్చినవి వేరు. షాపులో కళ్లు మూసుకోవడానికి మొహమాటపడనక్కర్లేదు. అన్నిటికంటే ముఖ్యం, రెండు మూడు రోజులు ఇంటికి ఇచ్చే షాపును వెతకడం. బెంగళూరులో అడిగితే ఇచ్చేవాళ్లు ఉన్నారు.

గది గురించి కొంత. విట్రిఫైడ్ టైల్స్, ఖాళీ గోడలు, పెద్ద గాజు తలుపు. చప్పట్లు కొడితే టంగుమని గోడల మధ్య తిరుగుతుంది. స్పీకర్లకూ సోఫాకూ మధ్య నేల మీద మందపాటి తివాచీ, గాజు తలుపుకు కుచ్చుళ్లున్న బరువైన కర్టెన్, ఈ రెండింటితో చాలా తేడా వస్తుంది. ఇంట్లో వరంగల్ తివాచీ ఉంటే కింద మందమైన ఫెల్ట్ వేసి పరిస్తే మరీ మంచిది. ఇవి పై స్వరాల గరుకును తగ్గిస్తాయి. మంద్రానికి పనిచేయవు, 50 హెర్ట్జ్ తరంగం 22 అడుగులకు పైగా ఉంటుంది, అంగుళం గుడ్డ దానికి ఏమీ అడ్డం కాదు. గుడ్ల అట్టలు గోడకు అంటించడం ఎందుకూ పనికిరాదు.

ఇక పాత టవర్ల సంగతి. అమ్మే ముందు, తీసుకెళ్లే ముందు కూడా, జాలీ తీసి వూఫర్ చుట్టూ ఉండే అంచును వేలితో మెల్లగా తాకి చూడాలి. 1980, 90ల స్పీకర్లలో చాలావాటికి ఆ అంచు ఫోమ్‌తో చేసింది. పదిహేనేళ్లు దాటితే అది వేలికి అంటుకుని పొడిపొడిగా రాలుతుంది. రబ్బరు అంచులు ఎక్కువ కాలం ఉంటాయి. ఫోమ్ పోయినంత మాత్రాన స్పీకర్ పనికిరాకుండా పోదు, సైజు చూసి కొత్త అంచు అతికించే మెకానిక్‌లు ఉన్నారు. అలా బాగుచేయించిన జతకు, చేయించని జతకు అమ్మేటప్పుడు ధరలో బాగా తేడా ఉంటుంది. కొత్త హాల్లో వాటినే వాడి తీరాలని ఉంటే, వెనక పోర్ట్‌లో స్పాంజి బిళ్ల కుక్కి, గోడకు వీలైనంత దూరం లాగి, ఒక నెల విని చూడవచ్చు. ఆ నెలలో పక్క ఫ్లాట్‌వాళ్లను ఒకసారి ఇంటికి పిలిచి, పాట నడుస్తుండగా వాళ్లింట్లోకి వెళ్లి నిలబడి వినడం కూడా చేయాలి. ఏ గదిలో ఎంత వినిపిస్తోందో ఇద్దరికీ తెలిస్తే, తొమ్మిది తర్వాత ఎంత వాల్యూమ్ అన్నది కాఫీ తాగుతూనే మాట్లాడుకోవచ్చు.